చెల్లని ఓట్ల కట్ట గురించి: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు నడిపే అధికారులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో పట్టభద్రుల నియోజకవర్గాల రిటర్నింగ్ అధికారులకు, ఓటర్ల నమోదు అధికారులకు, వారిపైన ఉన్న ఎన్నికల యంత్రాంగానికి

అయ్యలారా, అమ్మలారా,

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక (డిగ్రీ చదివినవాళ్లు శాసనమండలి సభ్యుణ్ని ఎన్నుకునే ఎన్నిక) అంటే మీకు నెలల తరబడి పని, చివర్లో రెండు మూడు రోజుల జాగారం. పత్రికంత పొడుగున్న బ్యాలెట్లను విప్పి, సాపు చేసి, కలిపి, కట్టలు కట్టి, మళ్లీ ఒక్కొక్కటే చూసి వేరు చేసే సిబ్బంది కష్టం మాకు తెలుసు. దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మా ఫిర్యాదంతా అదే బల్ల మీద ఓ మూలన గంట గంటకూ లావెక్కే ఇంకో కట్ట గురించి.

ఈ సంగతులే ఇదివరకు వినతిపత్రంగా రాసి ఇచ్చాం. ముట్టినట్టు ముద్ర పడింది. ఆ తర్వాత కాగితం కదల్లేదు. హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్, వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల స్థానాల గడువు 2027 మార్చితో ముగుస్తుంది. పాత ఆనవాయితీ ప్రకారమే అయితే 2026 అక్టోబరు మొదట్లోనే ఓటర్ల నమోదు ప్రకటన రావాలి. పనులు మొదలయ్యాక చెబితే "వచ్చేసారి చూద్దాం" అంటారు. అందుకే ముందే, నలుగురూ చదివేలా రాస్తున్నాం.

1. లెక్క ఇదీ

2021 మార్చి 14న రెండు స్థానాలకు పోలింగ్ జరిగింది. హైదరాబాద్ స్థానంలో 93 మంది, వరంగల్ స్థానంలో 71 మంది బరిలో ఉన్నారు. చెల్లని ఓట్లు రెండు చోట్లా 21 వేలు దాటాయి. వరంగల్ నుంచి గెలిచిన పల్లా రాజేశ్వర్‌రెడ్డి 2023 డిసెంబరులో జనగామ ఎమ్మెల్యే అయ్యి మండలి సీటు వదులుకున్నారు. దాంతో 2024 మే 27న అక్కడ ఉప ఎన్నిక పెట్టారు. పోటీలో 52 మంది, పోలైనవి సుమారు 3.36 లక్షల ఓట్లు. వాటిలో 25 వేలకు పైగా చెల్లలేదు. 2025 ఫిబ్రవరి 27న కరీంనగర్-నిజామాబాద్-ఆదిలాబాద్-మెదక్ స్థానంలో 56 మంది పోటీపడ్డారు. పోలైన సుమారు 2.52 లక్షల ఓట్లలో 28 వేలకు పైగా చెత్తబుట్ట పాలయ్యాయి. అంటే వరుసలో నిలబడ్డ ప్రతి తొమ్మిది మందిలో ఒకరు వచ్చి, నిలబడి, ఓటేసి కూడా వేయనట్టే.

అక్కడ బీజేపీ అభ్యర్థి చిన్నమైల్ అంజిరెడ్డికి, కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్‌రెడ్డికి చివర్లో మిగిలిన తేడా 5 వేల పైచిలుకు. చెల్లని ఓట్లు దానికి అయిదు రెట్లకు పైన. ఆయన గెలుపును మేం తప్పుపట్టడం లేదు, లెక్కలోకి వచ్చిన ఓట్ల ప్రకారం నిబంధనలకు లోబడే గెలిచారు. లెక్కలోకి రాని ఓట్ల గురించే మా మాట.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తంతు. 2025 ఫిబ్రవరిలో పోలింగ్ జరిగిన కృష్ణా-గుంటూరు స్థానాన్ని ఆలపాటి రాజేంద్రప్రసాద్ 80 వేలు దాటిన మెజారిటీతో గెలిచారు. మెజారిటీ పెద్దది కాబట్టి అక్కడా 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఫలితాల మర్నాడు ప్రతిసారీ ఒకటే వెటకారం: డిగ్రీలున్నాయి గానీ ఓటేయడం రాదట. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకే తప్పు ఎన్నిక మారినా, జిల్లా మారినా, వేల మంది చేతుల్లో అదే తీరుగా జరుగుతుంటే దాన్ని ఒక్కొక్కరి తెలివితక్కువతనం అనలేం. చెప్పాల్సిన చోట చెప్పాల్సిన మాట చెప్పడం లేదు, అంతే.

2. ఓటు ఎక్కడ పాడవుతోంది

మన ఓటరు చేతికి మూడు అలవాట్లున్నాయి. అసెంబ్లీకి, లోక్‌సభకు మీట నొక్కుతాడు. సర్పంచి ఎన్నికలో స్వస్తిక్ ముద్ర గుద్దుతాడు. బ్యాంకులో, ఆఫీసులో, దరఖాస్తులో టిక్ పెట్టి సంతకం చేస్తాడు. పట్టభద్రుల ఎన్నికలో ఈ మూడూ పనికిరావు. గుర్తులు లేని పొడుగాటి కాగితం మీద పేరు, ఫొటో, పక్కన ఖాళీ గడి. ఆ గడిలో అంకె వేయాలి: అందరికన్నా నచ్చినవారికి 1, ఆ తర్వాతివారికి 2, 3 ఇలా. ఈ వరుసనే ప్రాధాన్యం అంటారు. ఆరేళ్లకోసారి వచ్చే ఈ పద్ధతిని, పోలింగ్ బూత్‌లో గుడ్డ చాటున, ఒక్క నిమిషంలో, ఎవరినీ అడిగే వీలు లేకుండా గుర్తు తెచ్చుకోవాలి.

ఎన్నికల నిర్వహణ నిబంధనలు, 1961లో ఏ ఓటు చెల్లదో స్పష్టంగానే ఉంది. లెక్కింపు బల్ల దగ్గర అవి ఏ రూపంలో కనిపిస్తాయో ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది, 1 అనే అంకె లేకపోవడం. టిక్ పెట్టిన పత్రం, ఇంటూ పెట్టిన పత్రం, గడిలో సున్నా చుట్టిన పత్రం అన్నీ ఇందులోకే వస్తాయి. "ఒకటి" అని అక్షరాల్లో రాసినా చెల్లదు, అంకె మాత్రమే ఉండాలి. మామూలు అంకె 1 గానీ, రోమన్ అంకె గానీ, తెలుగు అంకె ౧ గానీ ఏదైనా సరే. తెలుగు అంకె చెల్లుతుందన్న సంగతి అభ్యర్థుల తరఫున కూర్చునే చాలామంది ఏజెంట్లకే తెలియదు, దాని మీద బల్ల దగ్గర వాదన మొదలవుతుంది. రోమన్ అంకెతో ఇంకో చిక్కు. నిలువుగా ఒక్క గీత ఉంటే అది ఒకటో, పెన్ను ఆడుతోందో లేదో చూసుకున్న గీతో తేల్చడం కష్టం.

ఈ మొదటి రకంలోనే అందరూ మరిచిపోయేది ఒకటుంది. ప్రచారంలో అభ్యర్థులు తమ వరుస సంఖ్యను ఊదరగొడతారు. "మన నంబరు 3, గుర్తుపెట్టుకోండి" అని పదిసార్లు విన్న ఓటరు లోపలికెళ్లి, ఆ అభ్యర్థిని సరిగ్గా పట్టుకుని, ఎదురుగా గడిలో 3 వేసి వస్తాడు. ఓటు ఎవరికో కళ్లకు కట్టినట్టు కనిపిస్తూనే ఉంటుంది. కానీ పత్రంలో 1 లేదు కాబట్టి పక్కన పెట్టాల్సిందే.

రెండోది, 1 ఇద్దరికి వేయడం. ఇద్దరూ నచ్చారని ఇద్దరికీ 1 వేస్తే ఇద్దరికీ దక్కదు.

మూడోది, ఒకే అభ్యర్థి గడిలో 1తో పాటు 2 కూడా వేయడం. అన్ని ప్రాధాన్యాలూ మనవాడికే అన్న అభిమానంతో వేసే ఓటిది.

నాలుగోది, అంకె ఎవరికి వేశారో తేలకపోవడం. 50, 60 పేర్లున్న పత్రంలో గడులు ఇరుకు. చేతిలో ఉన్నది లావు మొన స్కెచ్ పెన్ను. రాసే బల్ల చిన్నది, కాగితం సగం కిందికి వేలాడుతుంటుంది. 1 కింది గీత దాటి పక్క అభ్యర్థి గడిలోకి దిగిందంటే అనుమానం మొదలైనట్టే. ఒకచోట 1 కొట్టేసి ఇంకోచోట 1 వేసినా ఇదే గొడవ. తడి ఆరకముందే మడిచిన పత్రంలో అద్దంలో చూసినట్టు అచ్చు ఇంకో గడిలో పడితే, అది అచ్చని తేల్చడానికి పత్రాన్ని మళ్లీ అదే మడతల్లో మడిచి చూడాలి. వేల పత్రాల మధ్య ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది?

అయిదోది, ఓటరెవరో తెలిసిపోయే రాత. సంతకం, పొట్టి సంతకం, ఫోన్ నంబరు ఇవన్నీ ఇందులోకి వస్తాయి. ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి కడుపుమంటతో బ్యాలెట్ మీదే నాలుగు మాటలు రాసి వచ్చేవాళ్లకూ లోటు లేదు. బాధ నిజమే, కానీ ఆ కాగితం చదివేది ఎమ్మెల్సీ కాదు, లెక్కింపు గుమస్తా. ఓటు రహస్యం కోసం పెట్టిన నిబంధన కాబట్టి దీన్ని సడలించమని మేం అడగం.

ఆరోది, ఇచ్చిన పెన్నుతో కాకుండా జేబులో పెన్నుతో వేయడం. బూత్‌లో వంగపండు రంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. అది గానీ ఎండిపోయిందా, లేదా ముందు ఓటరు దాన్ని అలవాటుగా జేబులో పెట్టుకుని పోయాడా, తర్వాత వచ్చినవాడు తన బాల్‌పెన్ను తీస్తాడు. బయటికొచ్చి అడగడానికి మొహమాటం. నీలం రంగులో తీరుగా, అందంగా వేసిన 1 చెల్లని కట్టలోకి పోతుంది. దీనికి ఓటరును ఎంతవరకు అనాలి?

ఈ తప్పుల్లో చాలావాటికి బూత్‌లోనే విరుగుడు ఉంది. అదే 1961 నిబంధనల్లో 41వ నిబంధన. పొరపాటున బ్యాలెట్ పాడైతే, అది పొరపాటేనని ప్రిసైడింగ్ అధికారికి నమ్మకం కలిగితే, పాత పత్రం వెనక్కి తీసుకుని రద్దు చేసి కొత్త పత్రం ఇవ్వాలి. ఈ హక్కు ఉన్నట్టు ఓటరుకు తెలియదు. గోడ మీద ఉండదు, స్లిప్పు మీద ఉండదు, నోటితో చెప్పేవాళ్లూ ఉండరు. తప్పు చేశానని తెలిసి కూడా తలొంచుకుని పెట్టెలో వేసి వెళ్లేవాళ్లే ఎక్కువ.

3. చెల్లి కూడా మధ్యలో ఆగిపోయే ఓటు

దీని గురించి పత్రికలూ రాయవు. చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం ఉంటే వదిలేసి, 1 కలిపితే వచ్చేది కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ కోటా రాకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగిస్తారు. అతని పత్రాల్లో తర్వాతి ప్రాధాన్యం ఎవరికుందో చూసి, ఇంకా బరిలో ఉన్నవాళ్లకు పంచుతారు. 56 మందిలో ఒక్కొక్కర్నీ ఇలా తీసేస్తూ పోవాలి కాబట్టే అన్ని రోజులు పడుతుంది.

పంచడానికి పత్రంలో ఏమీ లేకపోతే అది అక్కడితో ఆగిపోతుంది. 1 ఒక్కటే వేసిన పత్రం ఆగిపోతుంది. 1 వేసి, 2 మరిచిపోయి, 3 వేసిన పత్రం కూడా ఆగిపోతుంది, వరుస తప్పితే తర్వాతి అంకెలకు విలువ లేదు. 2 ఇద్దరికి వేస్తే 1 నిలుస్తుంది గానీ ఆ తర్వాత ఆ పత్రం కదలదు. వీటిని చెల్లని ఓట్లలో చూపించరు, అంచేత ఎవరి కంటా పడవు.

2025లో కరీంనగర్ స్థానంలో చెల్లిన ఓట్లు సుమారు 2.23 లక్షలు, కోటా సుమారు 1.11 లక్షలు. చివరికి విజేత దగ్గర ఉన్నవి 98 వేల పైచిలుకు, రెండో స్థానంలో ఉన్నవారి దగ్గర 93 వేల పైచిలుకు. ఇద్దరివీ కలిపితే 1.92 లక్షలే. మిగిలిన 30 వేల పైచిలుకు పత్రాలు ప్రాధాన్యాలు అయిపోయి దారిలోనే నిలిచిపోయాయి. కోటా దాటకుండానే విజేతను ప్రకటించాల్సి వచ్చింది. నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి, అది వేరే మాట. చెల్లనివి 28 వేలు, ఆగిపోయినవి 30 వేలు. ఈ రెండు కుప్పలూ కలిపితే ఆఖరి తీర్పులో పాలుపంచుకోని ఓట్లు దాదాపు 60 వేలు.

తమకిష్టమై 1తో ఆపేసేవాళ్ల హక్కును మేం కాదనం. రెండో ప్రాధాన్యం వేస్తే మొదటి అభ్యర్థికి నష్టమని భయపడి ఆపేసేవాళ్ల గురించి మాత్రం చెప్పి తీరాలి. మొదటి అభ్యర్థి బరిలో ఉన్నంతవరకు ఆ పత్రంలోని 2ను ఎవరూ చూడనే చూడరు. ఆయన తప్పుకున్నాకే దాని వంతు వస్తుంది. "1 వేసి వచ్చేయండి, ఇంకేం ముట్టుకోవద్దు" అని చెప్పే పార్టీ కార్యకర్తలకు కూడా ఈ ముక్క తెలిసి చెబుతున్నారో, తెలియక చెబుతున్నారో.

4. ప్రతిసారీ కొత్త జాబితా

అసెంబ్లీ ఓటరు ఒకసారి పేరు ఎక్కించుకుంటే చనిపోయేదాకానో, ఇల్లు మారేదాకానో ఉంటుంది. పట్టభద్రుల జాబితా అలా కాదు, ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి తయారు చేస్తారు. పాత జాబితాలో పేరున్నా మళ్లీ ఫారం 18 నింపాలి, మళ్లీ డిగ్రీ పట్టానో మార్కుల మెమోనో ధ్రువీకరించి జతచేయాలి. వరంగల్ స్థానంలో 2021లో ఓటేసినవాళ్లు 2024 ఉప ఎన్నిక కోసం మళ్లీ నమోదు కావాల్సి వచ్చింది. 2027 కోసం మూడోసారి కావాలి. ఆరేళ్లలో ఒకే డిగ్రీని మూడుసార్లు రుజువు చేసుకోవడమన్నమాట.

దీని ఫలితం లెక్కల్లోనే ఉంది. అదే స్థానంలో 2021లో ఓటర్లు 5.05 లక్షలు. 2024లో 4.63 లక్షలు. మూడేళ్లలో మూడు ఉమ్మడి జిల్లాల్లో కొత్తగా డిగ్రీ చదివినవాళ్లు ఎందరో ఉండగా ఓటర్లు 40 వేల మందికి పైగా తగ్గిపోయారు. వాళ్ల డిగ్రీలను ఎవరూ రద్దు చేయలేదు కదా.

నమోదు గడువూ తక్కువే. 2025 ఎన్నికల కోసం 2024 సెప్టెంబరు 30న ప్రకటన ఇచ్చారు, దరఖాస్తుకు నవంబరు 6 చివరి తేదీ. ముసాయిదా నవంబరు 23న, తుది జాబితా డిసెంబరు 30న వచ్చాయి. ఆ అయిదు వారాల్లోనే దసరా, దీపావళి. పోటీ చేసేవాళ్లు, సంఘాలు తిరిగి నమోదు చేయించిన చోట పేర్లు ఎక్కాయి. ఎవరూ తిరగని ఊళ్లలో, ముఖ్యంగా పెళ్లయి వేరే జిల్లాకు వెళ్లిన ఆడపిల్లల విషయంలో, ఇంట్లో నుంచే ప్రైవేటు ఉద్యోగం చేసుకునేవాళ్ల విషయంలో ఆ సంగతే తెలియలేదు. అంటే జాబితా ఎవరు నింపిస్తే వాళ్ల వైపు మొగ్గుతుంది. ఎన్నికకు నాలుగు నెలల ముందే సగం ఎన్నిక అయిపోతోందని మా అంచనా.

దరఖాస్తులు ఎందుకు తిరస్కరణ పాలవుతాయో కూడా చెప్పాలి. అర్హత తేదీ నవంబరు 1. దానికి మూడేళ్ల ముందే డిగ్రీ పూర్తయి ఉండాలి. ఆ మూడేళ్లు పరీక్ష ఫలితం ప్రకటించిన తేదీ నుంచి లెక్క, స్నాతకోత్సవంలో పట్టా చేతికొచ్చిన తేదీ నుంచి కాదు. చాలామంది పట్టా మీది తేదీ చూసుకుని మాకు అర్హత లేదని ఊరుకుంటారు. ఇంకొందరు ధ్రువీకరణ లేని జిరాక్సు పెడతారు. నివాసం నియోజకవర్గంలోనే ఉండాలన్నది తెలియక, చదివిన ఊళ్లో దరఖాస్తు పెట్టేవాళ్లూ ఉన్నారు.

5. పోలింగ్ రోజు

దీని గురించి రెండు మాటలే. 2025లో పోలింగ్ ఫిబ్రవరి 27, గురువారం, మహాశివరాత్రి జాగారం మర్నాడు. సమయం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా. పేరుకు ప్రైవేటు ఉద్యోగులకు వెసులుబాటు ఇవ్వాలంటారు గానీ, దుకాణంలో, ప్రైవేటు బడిలో పనిచేసేవాడికి అది కాగితం మీది సెలవే. 4 గంటలకు తలుపు మూస్తే వాడు పని దిగి వచ్చేసరికి బూత్ ముందు పోలీసులే ఉంటారు.

6. దీనివల్ల ఎవరికి నష్టం

తెలంగాణ మండలిలో 40 మంది సభ్యుల్లో పట్టభద్రులు నేరుగా ఎన్నుకునేది ముగ్గురిని. ఆంధ్రప్రదేశ్‌లో 58 మందిలో అయిదుగురిని. మిగతా సీట్లలో ఎక్కువ భాగం ఎమ్మెల్యేలో, స్థానిక సంస్థల సభ్యులో, గవర్నరో నింపుతారు. పార్టీ కార్యాలయం నుంచి కాకుండా జనం నుంచి వచ్చే గొంతుకు మండలిలో ఉన్న కాసింత చోటు ఇదే. మండలి ఉత్సవ విగ్రహమని తీసిపారేయడానికీ లేదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపింది మండలి నుంచే. వారం తిరక్కుండానే మండలినే రద్దు చేయమని అసెంబ్లీ తీర్మానించింది, మరుసటి ఏడాది ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. చేతిలో ఏమీ లేని సభ మీద ఎవరికీ అంత కోపం రాదు.

ఉద్యోగ నోటిఫికేషన్లు, పరీక్ష పత్రాల లీకేజీ, ఫీజు బకాయిలు, కాంట్రాక్టు అధ్యాపకుల జీతాలు. వీటి మీద సభలో ప్రశ్న వేయాల్సిన మనిషిని ఎన్నుకోవడానికి వచ్చినవాళ్లవే ఆ చెల్లని ఓట్లు. నష్టం అందరికీ సమానంగా కూడా లేదు. ఊళ్లో ఒక్కడే డిగ్రీ చదివి, అడిగి తెలుసుకునే తోడు లేక బూత్‌కు వచ్చేవాడి ఓటు పాడయ్యే అవకాశం ఎక్కువ. ఉద్యోగ సంఘంలో ఉన్నవాడికి నమూనా బ్యాలెట్ మీద నాలుగుసార్లు వేయించి చూపిస్తారు. ఉపాధ్యాయ నియోజకవర్గాల్లో ఓటర్లే తక్కువన్నది నిజమే గానీ, చెల్లని ఓట్లు వేలల్లో కాక వందల్లో ఉండటానికి ఇదీ ఒక కారణమే. నేర్పితే వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఖర్చు సంగతి ఒకటుంది. అసెంబ్లీ అభ్యర్థికి మన రాష్ట్రాల్లో 40 లక్షల రూపాయల పరిమితి ఉంది. మండలి అభ్యర్థికి పరిమితే లేదు. ఇది మీ చేతిలో లేని పని, చట్టం, నిబంధనలు మారాలి. కాబట్టి ఇక్కడ ప్రస్తావించి వదిలేస్తున్నాం.

మా కోరికలు

చట్టం మార్చకుండా, పెద్ద ఖర్చు లేకుండా, 2027 ఎన్నికలలోపు చేయగలిగినవే అడుగుతున్నాం.

1) చెల్లని ఓట్లను కారణాల వారీగా లెక్కగట్టి ప్రకటించండి. పైన రాసిన ఆరు కారణాలకు ఆరు గడులున్న ఒక్క కాగితం ప్రతి బల్ల మీద ఉంచి, పత్రం పక్కన పెట్టినప్పుడల్లా ఒక గీత గీస్తే సరిపోతుంది. పెన్ను వల్ల ఎన్ని పోయాయో, టిక్ వల్ల ఎన్ని పోయాయో తెలియకుండా ప్రచారం దేని మీద చేస్తారు?

2) నమూనా బ్యాలెట్‌ను అసలు కొలతలోనే, కల్పిత పేర్లతో, గడుల ఇరుకు కూడా తెలిసేలా అచ్చు వేసి, వరుస మొదలయ్యే చోట కట్టండి. సరైనవి మూడు, తప్పువి ఆరు బొమ్మలుగా ఉండాలి. అధికారి గదిలో గోడకు అంటించిన ఏ4 కాగితం ఎవరికీ కనపడదు.

3) బ్యాలెట్ ఇచ్చేటప్పుడు ప్రతి ఓటరుకూ ఒకే మాట చెప్పేలా సిబ్బందికి రాసివ్వండి. ఉదాహరణకు: "ఈ పెన్నుతోనే వేయండి. అంకెలే వేయండి, టిక్ వద్దు. ముందు 1 వేయాలి, ఆపైన మీ ఇష్టం. తప్పు పడితే పెట్టెలో వేయకుండా నన్ను అడగండి." ఇది చెప్పడానికి పది సెకన్లు పడుతుంది, ఏ అభ్యర్థికీ మేలు గానీ కీడు గానీ ఉండదు.

4) 41వ నిబంధన కింద కొత్త పత్రం అడిగే హక్కును ఓటరు స్లిప్పు వెనక తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయండి. ఆ కారణంతో ఎన్ని పత్రాలు మార్చి ఇచ్చారో బూత్ వారీగా చెప్పండి. ఆ సంఖ్య సున్నా అయితే అక్కడ ఓటర్లంతా నిపుణులని కాదు, ఎవరూ చెప్పలేదని అర్థం.

5) ప్రతి ఓటింగ్ అరలో రెండు స్కెచ్ పెన్నులు దారంతో కట్టి ఉంచండి. గంటకోసారి రాసి చూడండి. రాసే బల్ల బ్యాలెట్ పూర్తిగా పరిచేంత వెడల్పు ఉండాలి.

6) లెక్కింపులో ప్రతి తొలగింపు తర్వాత ఎన్ని పత్రాలు బదిలీ అయ్యాయో చెప్పినట్టే, ఎన్ని ఆగిపోయాయో కూడా అదే పట్టికలో ప్రకటించండి. ఈ సంఖ్య మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, లేకపోతే లెక్క కుదరదు.

7) నమోదు ప్రకటన వెలువడిన రోజే పాత జాబితాలోని ప్రతి ఓటరు ఫోన్‌కూ సందేశం పంపండి: మీ పాత పేరు ఇక చెల్లదు, మళ్లీ ఫారం 18 ఇవ్వాలి, చివరి తేదీ ఫలానా. నంబర్లు దరఖాస్తుల్లో ఉన్నాయి. 2023 అక్టోబరు 31 లోపు ఫలితం వచ్చినవాళ్లకు 2027 ఎన్నికలో అర్హత ఉంటుందా లేదా అన్నది తేదీతో సహా ప్రకటనలోనే రాయండి, ఎవరూ లెక్కలు వేసుకుని తప్పులో కాలేయకుండా.

8) దరఖాస్తు తిరస్కరిస్తే కారణం ముసాయిదా వెలువడేలోపే దరఖాస్తుదారుకు చేర్చండి. ముసాయిదా చూసి పేరు లేదని తెలుసుకుని, ఎందుకు లేదో తెలియక అభ్యంతరం రాయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటోంది.

9) పోలింగ్ వేళను సాయంత్రం 6 దాకా పొడిగించమని పైకి సిఫారసు చేయండి. బ్యాలెట్ పెట్టెలు చేరడం ఆలస్యమవుతుందన్న ఇబ్బంది తెలుసు. లెక్కింపు ఎలాగూ రోజుల తర్వాతే కదా.

ఈ తొమ్మిదింటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో నమోదు ప్రకటనకు ముందే లిఖితపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. అన్నీ చేయలేకపోతే 1, 3, 4 ముందు చేయండి. వాటికి కొత్త నిధులు అక్కర్లేదు, శిక్షణ తరగతిలో ఒక అరగంట చాలు.

అన్ని పార్టీల కార్యాలయాలకూ ఈ లేఖ ప్రతిని పంపుతున్నాం. మీ కరపత్రాల్లో అభ్యర్థి వరుస సంఖ్యను గుండ్రం గీసి పెద్దగా వేసేటప్పుడు, గడిలో వేయాల్సింది ఆ సంఖ్య కాదు, 1 అని పక్కనే అంతే పెద్దగా వేయండి.

ఇట్లు,
లెక్కింపు బల్లల దగ్గర ఏజెంట్లుగా, నమోదు శిబిరాల్లో సహాయకులుగా పనిచేసిన పట్టభద్ర ఓటర్లు